అర్ధరాత్రి ఇంటిదారి పాట: జోల నడక మేలా, చక్రాల నడక మేలా?

పని ముగించుకుని, ఒళ్ళు హూనమై, అర్ధరాత్రి ఒంటరిగా కారు నడుపుకుంటూ ఇంటికి చేరడం మీద పాట రాయాలనుకుంటే మాటల కన్నా ముందు నడక, అంటే లయ, తేల్చుకోవాలి. మూడు లెక్కన సాగే తిశ్రమా, నాలుగు లెక్కన సాగే చతురశ్రమా? ఈ పాటను నేను రెండు రకాలుగానూ రాసి, పాడి చూశాను.

తిశ్రగతిలో మాత్రలు (ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపు ఒక మాత్ర) మూడేసి చొప్పున నడుస్తాయి. ఊయల ఊగినట్టు ఉంటుంది. మొదట రాసింది ఇలాగే:

కన్ను మూత పడుతు ఉంది
ఇల్లు చేరు దారి ఏది

నోటికి హాయిగా ఉంది. జోలపాటలకు పేరుపడ్డ నీలాంబరి రాగం ఛాయలో కూనిరాగం తీస్తే ఇంకా హాయి. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. స్టీరింగ్ పట్టుకున్న మనిషి నిద్రతో పెనుగులాడుతుంటే పాట అతన్ని జోకొడుతోంది. పైగా కన్ను మూతపడుతోందని చెప్పేశాక వినేవాళ్ళు ఊహించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

చతురశ్రంలో నాలుగేసి మాత్రలు. ఒకే వేగంతో, ఎక్కడా ఆగకుండా, రోడ్డు మీద చక్రంలా పోతుంది:

గీతలు గీతలు తెల్లని గీతలు
వెనకకు వెనకకు జారే గీతలు

ఇందులో అలసట అన్న మాట లేదు. కానీ అలసిన బుర్ర చేసే పని ఇదే కదా, కనిపించినదాన్నే మళ్ళీ మళ్ళీ అనుకోవడం. మామూలు పాటలో ఇన్నిసార్లు ఒకే మాట వస్తే విసుగు. ఇక్కడ ఆ విసుగే కావాలి.

ఈ నడకతో ఇంకో పెద్ద లాభం ఉంది. తాళం నిమిషానికి 60 దెబ్బల చొప్పున పెట్టుకుంటే దెబ్బకో సెకను. నాలుగు దెబ్బల పాదంలో మధ్య రెండూ ఖాళీగా వదిలేయండి:

గీతలు … … గీతలు

గొంతు ఆగింది, తాళం నడుస్తూనే ఉంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆ రెండు సెకన్లలో 44 మీటర్లు వెళ్ళిపోతుంది. నిద్ర చాలని డ్రైవర్‌కు తెలియకుండానే వచ్చే కునుకు కూడా కొన్ని సెకన్లే ఉంటుంది. మొదటి చరణంలో పాదం నిండుగా పాడి, రెండో చరణంలో ఇలా ఖాళీ చేస్తే వినేవాళ్ళ గుండె ఝల్లుమంటుంది. దీన్ని తిశ్రంలో ప్రయత్నించాను. ఆ ఖాళీ విశ్రాంతిలా వినిపించిందే తప్ప భయం పుట్టలేదు.

ఇక పాట ఎవరి గొంతులో ఉండాలి? నడిపే మనిషి గొంతులోనా, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళ గొంతులోనా? ఎదురుచూపుల పాటలో ఆర్ద్రత ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ చక్రాల నడక వాళ్ళకు అతకదు, వాళ్ళు కదలకుండా కూర్చుని ఉన్నారు. అందుకే నేను కారు లోపలే ఉండిపోయాను.

ట్యూన్ ముందా, మాట ముందా అంటే ఈ పాటకు మాటే ముందు. ట్యూన్ ముందు కడితే దానికి సరిపెట్టడానికి మాటలు నింపేస్తాం, ఆ ఖాళీలు పోతాయి. అయితే నడుపుతూ ఉండగా లైను తడితే ఫోన్ తీయకండి, దయచేసి. పోతే పోనీ. కళ్ళు బరువెక్కితే మాత్రం క్షేమమైన చోట బండి ఆపి ఒక పావుగంట పడుకోండి.

కాబట్టి నా ఓటు చతురశ్రానికే. తిశ్రాన్ని మాత్రం పూర్తిగా వదులుకోలేదు, చివరికి దాచాను. ఇంటి ముందు బండి ఆగుతుంది. తాళం చెవి తిప్పాక ఇంజిన్ చల్లారుతూ బానెట్ కింద టిక్కు, టిక్కుమంటుంది. అరచేతుల్లో స్టీరింగ్ అదురు ఇంకా పోదు. దిగాలనిపించదు. అక్కడ తాళం ఆపేసి, ఒక్క ఊపిరి వదిలి, నడక మూడుకు మార్చాను. మొదట రాసి పక్కన పడేసిన పాదాన్ని కాస్త మార్చి అక్కడ పెట్టాను:

కన్ను మూత పడితె పడని
ఇల్లు చేరి నాను నేను