బుడాపెస్ట్‌లో ఎర్దోష్ జాడలు: ఒకటిన్నర రోజు చాలు

హంగరీ గణితవేత్త పాల్ ఎర్దోష్ జ్ఞాపకాల కోసం బుడాపెస్ట్ వెళ్లేవాళ్లు ముందుగా ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆయన ఇంటి కోసం వెతకొద్దు. పెద్దయ్యాక ఆయనకు సొంత ఇల్లంటూ లేదు. ఒక సూట్‌కేసు పట్టుకుని దేశాలు తిరుగుతూ, దిగిన చోటల్లా లెక్కలు చేస్తూ, 500 మందికి పైగా సహ రచయితలతో సుమారు 1,500 పరిశోధన పత్రాలు రాశారు. కాబట్టి ఈ ఊళ్లో చూడాల్సినవి ఆయన కూర్చున్న చోట్లు, చివరికి ఆయన్ని పడుకోబెట్టిన చోటు. అందులో రెండు మాత్రం తప్పక చూడాలి: సిటీ పార్కు, కోజ్మా వీధి యూదుల శ్మశానం.

హంగరీలో మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. అక్కడి బోర్డుల మీదా సమాధుల మీదా 'ఎర్దోష్ పాల్' అనే ఉంటుంది. సిబ్బందిని అడిగేటప్పుడూ అలాగే అడగండి. తెలుగువాళ్లతో ఆయనకు ఒక దగ్గరి చుట్టరికం ఉంది, లెక్కల చుట్టరికం. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో పనిచేసిన నెల్లూరు జిల్లా అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మనవడు, ఆయన పేరే పెట్టుకున్న అల్లాడి కృష్ణస్వామి, మద్రాసులో డిగ్రీ చదువుతుండగా 1975లో ఎర్దోష్ మద్రాసు వచ్చి కలిశారు. ఇద్దరూ కలిసి రాసిన పత్రం 1977లో అచ్చయింది.

సిటీ పార్కు

పసుపు రంగు ఎం1 మెట్రోలో సేచెని ఫ్యుర్దో స్టేషన్‌లో దిగి, చెరువు వైపు నడిస్తే వాయ్దహున్యద్ కోట వస్తుంది. ఆవరణలోకి టికెట్ లేదు, లోపలున్న వ్యవసాయ మ్యూజియానికే టికెట్. అక్కడ ముసుగు కప్పుకుని, ముఖం కనపడకుండా కూర్చున్న కంచు విగ్రహమే అనోనిముష్. పేరు తెలియని ఒక పాతకాలపు చరిత్రకారుడికి మిక్లోష్ లిగెతి 1903లో చేసిన విగ్రహం. అతని చేతిలోని కలాన్ని తాకితే రాత బాగుపడుతుందని నమ్మకం. తాకి తాకి కలం మెరిసిపోయింది.

1930ల తొలినాళ్లలో ఎర్దోష్, పాల్ తురాన్, తిబోర్ గల్లాయ్, జార్జ్ సెకెరెష్, ఎస్తర్ క్లైన్ వగైరా కుర్రకారు ఇక్కడే చేరి లెక్కలు చేసేవారు. హైస్కూలు పిల్లల లెక్కల పత్రిక 'కోమల్'లో పరిష్కారాలు పంపుతూ పరిచయమైనవాళ్లు వీళ్లలో చాలామంది. 1894లో మొదలైన ఆ పత్రిక ఈనాటికీ వస్తోంది. లెక్కల ఒలింపియాడ్‌కు తయారయ్యే పిల్లలున్న తల్లిదండ్రులు దాన్ని తప్పక చూడాలి, ఇంగ్లిష్‌లోనూ లెక్కలు దొరుకుతాయి.

1933లో ఎస్తర్ వేసిన ప్రశ్నని ఆ విగ్రహం దగ్గర కూర్చునే చేసి చూడండి. కాగితం మీద ఐదు చుక్కలు పెట్టండి, ఏ మూడూ ఒకే గీత మీద పడకూడదు. లోపలికి నొక్కు లేని చతుర్భుజం వాటిలో ఒకటైనా దొరికి తీరాలి, ఎందుకని? చుక్కలన్నీ లోపల ఉండేలా చుట్టూ రబ్బరు బ్యాండు తొడిగినట్టు ఊహించండి. బ్యాండు ఐదింటినో నాలుగింటినో తాకితే చతుర్భుజం చేతికొచ్చినట్టే. మూడింటినే తాకితే త్రిభుజం, లోపల రెండు చుక్కలు. ఆ రెంటినీ కలుపుతూ అటూ ఇటూ దాటేలా గీత లాగండి. త్రిభుజం మూలల్లో రెండు ఆ గీతకు ఒకే పక్కన మిగులుతాయి. ఆ రెండూ, లోపలి రెండూ కలిపితే మనకు కావలసిన చతుర్భుజం. గీతని రెండు చుక్కల మధ్యే ఆపేస్తే ఏ మూల ఏ పక్కనుందో తేలదు, పిల్లలు చిక్కుకునేది అక్కడే.

పంచభుజికి 9 చుక్కలు కావాలి. షడ్భుజికి 17 చాలని 2006లో అచ్చయిన పత్రంలో కంప్యూటర్‌తో తేల్చారు. ఎన్ని భుజాలకు ఎన్ని చుక్కలు కావాలో చెప్పే, ఎర్దోష్, సెకెరెష్‌ల 1935 పత్రం నుంచి పుట్టిన సాధారణ సూత్రం నేటికీ నిరూపణ కాలేదు. ప్రశ్న వేసిన ఎస్తర్, దాని మీద పనిచేసిన సెకెరెష్ 1937లో పెళ్లి చేసుకున్నారు. అందుకే ఎర్దోష్ దీనికి 'సుఖాంత సమస్య' అని పేరు పెట్టారు. యుద్ధకాలం షాంఘైలో గడిపి, తర్వాత ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఆ దంపతులు 2005 ఆగస్టు 28న గంట తేడాలో కన్నుమూశారు.

పార్కు అంచున, అయ్‌తోషి ద్యూరెర్ వీధిలో ఎర్దోష్ చదివిన సెంట్ ఇష్త్వాన్ హైస్కూలు ఉంది. బయటి నుంచి చూడడమే. చాలామంది ఫషోర్ లూథరన్ స్కూలుకు వెళ్లి ఫోటోలు దిగుతారు. అది గణితవేత్త ఫాన్ నాయ్‌మన్, భౌతిక శాస్త్రవేత్త విగ్నర్‌లు చదివిన బడి. 1913లోనే, అంటే ఎర్దోష్ పుట్టిన ఏడాదే తెరిచిన సేచెని వేడినీటి స్నానశాల పక్కనే ఉంది. వారాంతంలో రద్దీ, రేటూ ఎక్కువ. ఈత కొలనులోకి దిగాలంటే తలకు టోపీ ఉండాలి, ఇంటి నుంచే తీసుకెళ్లండి.

రేయాల్‌తనొదా వీధి 13-15లోని రేన్యి ఇన్‌స్టిట్యూట్ పనిచేసే లెక్కల పరిశోధన సంస్థ, చూసే స్థలం కాదు. సెమినార్‌కు వెళ్లే పని లేకపోతే గుమ్మం చూసి వెనక్కి రావడమే.

బస, తిండి

బ్లహా లుయ్‌జా తేర్ చుట్టుపక్కల గది తీసుకోండి. వియన్నా రైళ్లు ఆగే కెలెతి స్టేషన్ ఎం2లో ఒక స్టాపు. 4, 6 నంబర్ల ట్రాముల్లో ఒక్తోగొన్ వెళ్లి ఎం1 ఎక్కితే పార్కు. శ్మశానం ట్రామూ ఇక్కడి నుంచే. కజిన్సి వీధి పక్కన గదులు అందంగా ఉంటాయి గానీ బార్ల గోల అర్ధరాత్రి దాటినా ఆగదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే అక్కడ వద్దు. పాత భవనాల్లో కింది అంతస్తు తర్వాత ఎత్తు కింది అంతస్తు, అర అంతస్తు అని విడిగా లెక్కపెడతారు. 'మూడో అంతస్తు' అంటే ఐదు అంతస్తుల మెట్లు ఎక్కాల్సి రావచ్చు. లిఫ్ట్ ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తేల్చుకోండి.

ఎం1లో చాలా స్టేషన్లకు వెళ్లే వైపు, వచ్చే వైపు మెట్లు వేర్వేరు, రోడ్డుకు చెరో పక్కన ఉంటాయి. పార్కుకైతే 'మెక్సికోయి ఊత్' అని రాసిన వైపు దిగాలి. కాగితం టికెట్‌ని యంత్రంలో ముద్ర వేయించకపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. విమానాశ్రయం నుంచి 100ఈ బస్సుకు మామూలు పాసు చెల్లదు, దాని టికెట్ వేరే. 200ఈ ఎక్కి ఎం3కి మారితే పాసు చాలు. డబ్బు యూరోలు కాదు, ఫోరింట్లు. ఏటీఎం 'రూపాయల్లోకి మార్చమంటారా' అని అడిగితే వద్దనండి, ఆ రేటు మనకు నష్టం.

శాకాహారులకు ఫోజెలేక్ అనే కూరగాయల పులుసు కూర నచ్చుతుంది, కానీ పైన మాంసం ముక్క పెట్టడం మామూలు. 'హూష్ నేల్‌క్యుల్', అంటే మాంసం లేకుండా, అని ముందే చెప్పాలి. తూరోష్ చుసా అనే పనీర్ నూడుల్స్‌లో పంది కొవ్వు వేయించి చల్లుతారు, జాగ్రత్త. కారం చాలకపోతే ఎరోష్ పిష్తా అనే మిరప ముద్ద దుకాణాల్లో దొరుకుతుంది. ఉప్పు బాగా ఎక్కువ, చెంచాలో పావు వంతు చాలు.

కోజ్మా వీధి

28 నంబర్ ట్రాము. ముప్పావు గంట పడుతుందనుకుని బయలుదేరండి. దారిలో పెద్ద మునిసిపల్ శ్మశానం గేటు కనపడగానే దిగి లోపలికి వెళ్లిపోవడం అందరూ చేసే పొరపాటు. యూదుల శ్మశానం గేటు వేరు, అదే వీధిలో ఇంకా ముందుకెళ్లాలి. శనివారం, యూదుల పండుగ రోజుల్లో మూసేస్తారు. శుక్రవారం త్వరగా మూస్తారు. వారాంతం వియన్నా నుంచి వచ్చేవాళ్లు ఆదివారానికి పెట్టుకోవడమే మేలు. మగవాళ్లు తల కప్పుకోవాలి.

సమాధి చిరునామా 17ఏ విభాగం, 6వ వరుస, 29. కాగితం మీద రాసుకుని గేటు దగ్గర చూపించండి. వేల సమాధులు, తీగలు అల్లుకుపోయిన వరుసలు. నంబరు లేకుండా వెతికితే పూట గడిచిపోతుంది.

1996 సెప్టెంబరు 20న వార్సాలో, ఒక సదస్సుకు వెళ్లినచోట ఆయన చనిపోయారు. ఇక్కడ తల్లిదండ్రుల పక్కనే ఉన్నారు. ఇద్దరూ లెక్కల పంతుళ్లే. ఆయన పుట్టిన రోజుల్లోనే అక్కలిద్దరూ స్కార్లెట్ జ్వరంతో పోయారు. తల్లి ఆన్నా ముసలితనంలో కొడుకు వెంట దేశాలు తిరిగింది. 1971లో ఆమె పోయాక ఆ దుఃఖం ఆయన్ని వదల్లేదు. ముగ్గురినీ ఒకచోట చూస్తుంటే ఊరంతా తిరిగినా కలగని దగ్గరితనం ఇక్కడ కలుగుతుంది.

పూలు వద్దు, అక్కడి ఆచారం గులకరాయి పెట్టడం. ట్రాము దిగిన దగ్గరే ఒకటి ఏరి జేబులో వేసుకోండి. బయటికి వచ్చేటప్పుడు, మనలాగే, చేతులు కడుక్కుంటారు.