పాత సముద్రతీర ప్రింట్లు: ఆక్వాటింట్ మేలా, ఉక్కు పలకది మేలా?

బ్రిటన్ తీరాల పాత ప్రింట్లలో చేతికి ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి రాగి పలకతో తీసిన ఆక్వాటింట్. విలియం డేనియల్ 1814–1825 మధ్య వెలువరించిన 308 తీరదృశ్యాలు ఈ రకానివే. రెండోది 1820ల నుంచి ఊపందుకున్న ఉక్కు పలక ఎన్‌గ్రేవింగ్, అంటే పలక మీద గీతలు చెక్కి తీసే అచ్చు. విలియం హెన్రీ బార్ట్‌లెట్ గీసిన రేవుల దృశ్యాలు ఇలా అచ్చయ్యాయి.

సముద్రాన్ని చూడాలని కొంటే ఆక్వాటింటే కొనాలి. రాగి మీద రోజిన్ (పైన్ చెట్టు బంక) పొడి చల్లి, వేడిచేసి అతికించి, ఆమ్లంలో ముంచుతారు. ఆమ్లం రేణువుల సందుల్లో మాత్రమే కొరుకుతుంది. లేతగా ఉండాల్సిన చోట ఆమ్లం తగలకుండా వార్నిష్ పూసి, మిగతాది ముదురయ్యేలా మళ్లీ ముంచుతారు. మంచుతెర, తడి ఇసుక, మబ్బు పట్టిన నీరు ఒక్క గీత లేకుండా వచ్చేది ఇందువల్లే. ఉక్కు పలకలో నీడ కావాలన్నా గీతలే గీయాలి. ఆకాశాన్నయితే చాలాసార్లు యంత్రంతో గీసేశారు. ఓడల తాళ్లు, కొండరాళ్ల పగుళ్లు మాత్రం ఉక్కులోనే పదునుగా పడతాయి.

పదిరెట్ల భూతద్దం పెట్టి చూడండి. తెల్లటి చిన్న మచ్చల చుట్టూ సన్నని వల అల్లుకున్నట్టుంటే ఆక్వాటింట్. పదునైన గీతలే ఉంటే ఎన్‌గ్రేవింగ్. రంగు చుక్కలు పూరేకుల్లా గుమిగూడితే ఈ కాలపు ఆఫ్‌సెట్ నకలు, దానికి డబ్బు పెట్టకండి.

ఆక్వాటింట్‌లో ఏ విడత అచ్చు అన్నదే అసలు సంగతి. రాగి మెత్తన, అచ్చు తీసేకొద్దీ ఆ వల అరిగి ఆకాశం వెలవెలబోతుంది. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కాగితం తయారీదారు వాట్‌మన్ పేరూ, కాగితం తయారైన ఏడాదీ నీటిగుర్తుగా కనబడవచ్చు. ఆ ఏడాది బొమ్మ కింద అచ్చయిన తేదీ కంటే బాగా తర్వాతిదైతే అది ఆలస్యంగా తీసిన అచ్చే. డేనియల్ పలకలతో 1970ల్లోనూ మళ్లీ అచ్చు తీశారు, అందుకే కాగితం వయసు చూడకుండా ధర ఒప్పుకోకూడదు. ఉక్కు పలక వేల ప్రతులు ఇచ్చినా అంతగా అరగదు. అవి చవగ్గా దొరకడానికి కారణం అదే.

రంగు దగ్గర జాగ్రత్త. డేనియల్ దృశ్యాలకు ఆనాడే చేత్తో రంగులద్దారు. బార్ట్‌లెట్‌వి మామూలుగా నలుపు తెలుపుల్లోనే వచ్చాయి, ఇప్పుడు వాటి మీద కనిపించే రంగు చాలావరకు తర్వాత అమ్మకం కోసం పూసింది. రంగు పూసిన ఉక్కు ప్రింటు కంటే పూయనిదే మేలు. పాత రంగులో నీలిమందు ఉంటే ఎండకు వెలిసిపోయి, ఆకాశం గులాబి ఛాయకు తిరుగుతుంది. ఫ్రేమ్ విప్పించి అట్ట కింద దాగిన అంచు చూడండి: అక్కడ నీలం చిక్కగా ఉంటే మిగతాదంతా వెలిసినట్టే.

విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో మాత్రం లెక్క మారుతుంది. గోధుమరంగు మచ్చలు పడితే రంగులేని ఉక్కు ప్రింటును నిపుణుడు కడిగి బాగుచేయగలడు. చేతిరంగుల ఆక్వాటింట్‌ను కడిగితే రంగు కరిగిపోవచ్చు. దాన్ని బయటిగోడకు తగిలించకండి. అద్దానికి తగలకుండా ఆమ్లరహిత అట్ట పెట్టి, సెల్లోటేపుతో కాకుండా జపాన్ కాగితం, గోధుమ గంజితో పైఅంచున రెండుచోట్లే అతికించాలి.

మన తీరమే కావాలంటే డేనియల్, ఆయన పినతండ్రి థామస్ కలిసి 1795–1808లో తెచ్చిన 144 ఆక్వాటింట్లలో మద్రాసు కోట దృశ్యాన్ని వెతకండి, అందులో అలలు ఒడ్డుకు విరుచుకుపడుతుంటాయి.