వానపాముల లెక్క తేల్చాలంటే ఏది మేలు: కోసి చూడటమా, డీఎన్ఏనా?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు జువాలజీ ఎమ్మెస్సీ చదివే పిల్లలు వానపాముల మీద ప్రాజెక్టు అనగానే అడిగేది ఒకటే: "సార్, కోసి చూడాలా, సీక్వెన్సింగ్‌కి పంపాలా?" దానికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మన చెలకల్లో ఎన్ని జాతులున్నాయో తెలియాలా, లేక వానపాముకి జలగ ఏమవుతుందో తెలియాలా? మొదటిది వైవిధ్యం లెక్క, రెండోది చుట్టరికం లెక్క. రెంటికీ ఒకే పద్ధతి సరిపోదు.

జాతుల లెక్క అయితే మైక్రోస్కోపు కిందే మొదలుపెట్టాలి. వానపాముకి రంగు, పొడవు పెద్ద గుర్తులు కావు. క్లైటెల్లం (పెద్దయిన పురుగు ఒంటి చుట్టూ పట్టీలా ఉబ్బే భాగం) ఏ ఖండితాల (ఉంగరాల్లాంటి విభాగాల) మీద ఉంది, పురుష రంధ్రాలు ఎక్కడున్నాయి, లోపల శుక్రగ్రాహికలు (జతగాడి వీర్యం దాచుకునే సంచులు) ఎన్ని జతలు అన్నవే అసలు గుర్తులు. దక్షిణాదిలో బాగా కనిపించే లాంపిటో మారిటికి క్లైటెల్లం 14 నుంచి 17వ ఖండితం దాకా ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఫెరెటిమా అని చదువుకునే మెటాఫైర్ పోస్తుమాకి 14 నుంచి 16 దాకా. వర్మీ కంపోస్టులో పెంచే ఐసీనియా ఫెటిడాకి 24–26 మధ్య ఎక్కడో మొదలై 32 చుట్టుపక్కల ఆగుతుంది. అన్నట్టు, బత్తాయి తోటలో కంపోస్టు బెడ్డు పక్కన తవ్వి తెచ్చినవన్నీ "స్థానిక జాతులు" అని రాసేయకండి. ఐసీనియా ఫెటిడా, ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే రెండూ మనం తెచ్చి పెట్టుకున్నవే.

స్టీఫెన్సన్ 1923లో బ్రిటిష్ ఇండియా వానపాముల మీద రాసిన సంపుటం ఇప్పటికీ పనికొస్తుంది. పేర్లు చాలా మారాయి కాబట్టి జుల్కా 1988 నాటి పుస్తకం కూడా పక్కన ఉండాలి. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. అయితే ఈ దారికి ఒక పెద్ద అడ్డం ఉంది: క్లైటెల్లం రాని పిల్ల పురుగుని, గుడ్ల తిత్తిని ఎంతసేపు చూసినా జాతి తేలదు. జత కట్టకుండానే పిల్లల్ని పెట్టే కొన్ని జాతుల్లో పురుష అవయవాలు సగంలో ఆగిపోతాయి, లేదా అసలే ఉండవు. అలాంటి చోట పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఒక్క జాతే మూడు జాతుల్లా కనిపిస్తుంది.

అక్కడ డీఎన్ఏ బార్‌కోడ్, అంటే ఒక చిన్న డీఎన్ఏ ముక్కతో జాతిని గుర్తించే పద్ధతి, గెలుస్తుంది. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కతో జంతువుల్ని గుర్తించవచ్చని శాస్త్రవేత్త హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. గుడ్డయినా, పిల్లయినా, తెగిన తోకయినా దానికి ఒకటే. యూరప్‌లో అందరికీ తెలిసిన లంబ్రికస్ టెరెస్ట్రిస్ నిజానికి రెండు జాతులని 2010లో తేలింది డీఎన్ఏ వల్లే. కానీ పేరు పెట్టిన నమూనా డేటాబేస్‌లో ముందే ఉంటేనే బార్‌కోడ్ పేరు చెబుతుంది. లేకపోతే దగ్గరి చుట్టం పేరు చూపించి ఊరుకుంటుంది. అమ్రాబాద్ అడవి నుంచి అనుమతి తీసుకుని తెచ్చిన పురుగుకి అలా 85 శాతం పోలికతో ఎక్కడిదో పేరు వచ్చిందనుకోండి, అది జవాబు కాదు. పైగా పురుగు పేగు నిండా మట్టి, బాక్టీరియా ఉంటాయి. కాబట్టి పేగు తగలకుండా శరీర కుడ్యం నుంచే ముక్క తీయాలి.

ఇక చుట్టరికం సంగతికొస్తే, నా ఉద్దేశంలో ఈ రెండూ ఓడిపోతాయి. వానపాములు, జలగలు ఉండే అనెలిడా వర్గాన్ని పొలికీటా (ఎక్కువగా సముద్రపు పురుగులు), ఆలిగోకీటా (వానపాములు, వాటి దగ్గరివి), హిరుడీనియా (జలగలు) అని మూడుగా విడదీసి చదువుకున్నాం. శూకాలు (ఒంటి మీది గట్టి వెంట్రుకలు) ఎన్ని, చూషకాలు (అంటిపెట్టుకునే బిళ్లలు) ఉన్నాయా అని పైకి చూస్తే అదే సహజం అనిపిస్తుంది. 1997లో శాస్త్రవేత్త మెక్‌హ్యూ జన్యు ఆధారాలతో చూపించిందేమిటంటే, వేరే వర్గాలుగా లెక్కపెట్టిన ఎకియూరా, పోగోనోఫోరా అనే సముద్రపు పురుగులు కూడా అనెలిడాలోవే. ఎకియూరాకి పెద్దయ్యాక ఖండితాలే కనిపించవు! సముద్రగర్భంలో వేడి నీటి ఊటల దగ్గర నోరు, పేగు లేకుండా బాక్టీరియా మీద బతికే గొట్టపు పురుగులు పోగోనోఫోరాకి చెందినవే. ఖండితాలు లేని సిపంకులా కూడా తర్వాత ఇందులోకే వచ్చి చేరింది. 2011లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన 34 అనెలిడ్‌ల నుంచి దాదాపు 48 వేల అమైనో ఆమ్ల స్థానాలు పోల్చి, ఎక్కువ భాగాన్ని ఎర్రాంషియా, సెడెంటేరియా అనే రెండు పెద్ద కొమ్మల్లో పెట్టింది. వానపాములు, జలగలు సెడెంటేరియాలో, అంటే పొలికీట్ల మధ్యలోనే ఉన్నాయి. జలగ ఆలిగోకీట్ల నుంచే పుట్టుకొచ్చింది. బర్రెల చెరువులో కాలికి పట్టే జలగకి 33 ఖండితాలూ చూషకాలూ ఉన్నా, లంబ్రిక్యులిడే అనే మంచినీటి పురుగులకి అది దగ్గరి చుట్టం.

ఇంత పాత కొమ్మల్ని సీఓఐ ఒక్కటీ తేల్చలేదు. త్వరగా మారే జన్యువు అది. ఒకే చోట అక్షరం మళ్ళీ మళ్ళీ మారి, కోట్ల ఏళ్ల కిందటి గుర్తులు చెరిగిపోతాయి. వందల జన్యువులు కావాలి. వాటికి తాజా కణజాలం, ఆర్ఎన్ఏ, పెద్ద బడ్జెట్ కావాలి. పైగా అనెలిడా వైవిధ్యంలో పెద్ద భాగం సముద్రంలో ఉంది, మనకేమో సముద్రమే లేదు. అయినా మూసి ఆయకట్టులో కూర్చున్న పిల్లకి దారి మూసుకుపోలేదు. సముద్రపు పురుగుల ట్రాన్స్‌క్రిప్టోమ్‌లు (ఆర్ఎన్ఏ నుంచి చదివిన వందల జన్యువుల సమాచారం) ఎన్‌సీబీఐ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. ల్యాప్‌టాప్, నెట్, ఐక్యూ-ట్రీ వంటి ఉచిత ప్రోగ్రాం ఉంటే చిన్న డేటాతో చుట్టరికపు వృక్షం కట్టి చూడవచ్చు.

మన ప్రాంతం నుంచి చేయదగిన పని ఏదంటే నేను మొదటి దారికే, అంటే కోసి చూడటానికే, ఓటేస్తాను, బార్‌కోడ్‌ని దాని వెనక పెడతాను. సీక్వెన్స్ హైదరాబాద్‌కి పంపి తెప్పించుకోవచ్చు. దేవరకొండ చెలకలో, మిర్యాలగూడ వరి మడిలో, కొల్లాపూర్ రేగడిలో తవ్వి, కోసి, పేరు తేల్చే కన్ను మాత్రం ఎవరూ కొరియర్‌లో పంపరు. ఒక చిన్న జాగ్రత్త: ఫార్మలిన్‌లో వేసిన పురుగు కోయడానికి బాగుంటుంది గానీ డీఎన్ఏ పాడవుతుంది. ఆల్కహాల్‌లో వేస్తే డీఎన్ఏ బాగుంటుంది గానీ ఒళ్లు పెళుసుబారుతుంది. అందుకే గుర్తులన్నీ ఉండే ముందు భాగం జోలికి పోకుండా, తోక వైపు చిన్న ముక్క కోసి 95 శాతం ఆల్కహాల్‌లో, మిగతాది ఫార్మలిన్‌లో వేసి, రెండు సీసాలకీ ఒకే నంబరు రాయండి. ఎండాకాలం తవ్వకండి. మట్టి ఎండితే పురుగులు లోతుకి దిగి ముడుచుకుంటాయి, దొరికినా క్లైటెల్లం ఉండదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా, వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్తే మేలు.