బయాస్‌లో బూట్ మోడ్: లెగసీనా, యూఈఎఫ్ఐనా?

ర్యాక్ సర్వర్ చేతికి రాగానే బయాస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఆపరేటింగ్ సిస్టమ్‌ను పాత పద్ధతి లెగసీలో మొదలుపెట్టాలా, కొత్త పద్ధతి యూఈఎఫ్ఐలోనా. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాక మోడ్ మారిస్తే చాలాసార్లు సర్వర్ బూటే అవ్వదు.

లెగసీ మామూలుగా, డిస్కు విభజనల వివరాలు ఉంచే పాత పట్టిక అయిన ఎంబీఆర్‌ మీద ఆధారపడుతుంది. అందులో సెక్టార్ (డిస్కులోని చిన్న ముక్క) నంబరుకు 32 బిట్లే చోటు. అంటే 512 బైట్ల సెక్టార్లయితే సుమారు 2 టీబీతో సరి. నాలుగు డిస్కులు కలిపి రెయిడ్ వాల్యూమ్ (ఒకే డిస్కులా కనిపించేది) కడితే ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. నమ్మదగిన ప్రోగ్రామ్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఊసే లేదు.

యూఈఎఫ్ఐకి జోడీ జీపీటీ అనే కొత్త పట్టిక; అక్కడ సెక్టార్ నంబరుకు 64 బిట్లు. డిజిటల్ సంతకం సరిపోని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ అయిన బూట్‌లోడర్‌ను సెక్యూర్ బూట్ ఆపేస్తుంది. అయితే లినక్స్‌లో మనం సొంతంగా కట్టుకున్న కెర్నల్ మాడ్యూళ్లకూ (డ్రైవర్ల వంటివి) చాలావరకు సంతకం చేయాల్సి వస్తుంది. ఆ శ్రమ పడదగిందే.

నా ఓటు యూఈఎఫ్ఐకే. పాత ఆపరేటింగ్ సిస్టమ్ తప్పనిసరైతేనే లెగసీ జోలికి వెళ్లండి. పీఎక్స్ఈతో, అంటే నెట్‌వర్క్ ద్వారా బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేసేవాళ్లు బూట్ ఫైలు కూడా మార్చాలి: లెగసీది యూఈఎఫ్ఐకి పనికిరాదు.