ట్రైక్లోర్ బిళ్లలు: కొన్ని వేసవులు వాడాక

మా ఈత కొలను సుమారు 50 వేల లీటర్లది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. దీనికి ఏళ్లుగా ట్రైక్లోర్ బిళ్లలు, అంటే నీళ్లు శుభ్రంగా ఉంచే క్లోరిన్ బిళ్లలు, వాడుతున్నాను, ఒక్కోటి 200 గ్రాములు ఉండేవి. కంపెనీలు మార్చి చూశాను గానీ పెద్ద తేడా కనిపించలేదు. డబ్బా మీద క్లోరిన్ 90 శాతం దగ్గర్లో ఉందంటే లోపలి సరుకు దాదాపు ఒకటే. అందుకే ఇది ఒక బ్రాండు మీద సమీక్ష కాదు, ఈ రకం బిళ్ల మీద.

సుఖం మాత్రం నిజమే. ఫ్లోటర్‌లో, అంటే నీళ్ల మీద తేలే కంతల డబ్బాలో, రెండు బిళ్లలు వేసి, అడుగు కంతలు కావలసినంత తెరిచి నీళ్లలో వదిలితే కొన్ని రోజుల పాటు నిదానంగా కరుగుతాయి. రోజూ కొలిచి పోసే పని ఉండదు. నాలుగు రోజులు ఊరెళ్లాల్సి వచ్చినా టెన్షన్ లేదు. లిక్విడ్ క్లోరిన్ అలా కాదు, వేడికి, వెలుతురుకి క్యాన్‌లోనే సత్తువ కోల్పోతుంది. బిళ్లని తడి తగలని చోట పెడితే చాలాకాలం చెక్కు చెదరదు. పైగా ఇందులో సైన్యూరిక్ యాసిడ్ కలిసే ఉంటుంది. దాన్నే స్టెబిలైజర్ అంటారు. అది లేని నీళ్లలో క్లోరిన్‌ని ఎండ గంటల్లోనే తినేస్తుంది.

అసలు తంటా కూడా ఆ స్టెబిలైజర్‌తోనే. క్లోరిన్ రోజూ ఖర్చయిపోతుంది, ఇది దాదాపు అలాగే ఉండిపోతుంది. నీళ్లు ఆవిరైనా ఇది ఆవిరి కాదు. ట్రైక్లోర్ ద్వారా 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) క్లోరిన్ చేరితే, వెంట 6 పీపీఎం స్టెబిలైజర్ చేరుతుంది. ఎండాకాలంలో రోజుకు 2 పీపీఎం క్లోరిన్ ఖర్చవుతుందనుకోండి, మొత్తం బిళ్లలతోనే నడిపితే నెలకు 36 పీపీఎం పేరుకుంటుంది. మామూలుగా కావలసింది 30 నుంచి 50. అంటే మొదటి నెల బిళ్లలు మనకు మేలే చేస్తాయి, రెండో నెలలో హద్దు దాటతాయి.

దాటితే ఏమవుతుందో బయటకు వెంటనే తెలియదు, అదే దీనితో నాకున్న పేచీ. టెస్ట్‌లో ఫ్రీ క్లోరిన్, అంటే మురికితో కలిసిపోకుండా మిగిలినది, 2 అని చక్కగా చూపిస్తుంది, గోడల మీద చేయి పెడితే మాత్రం పాచి జారుతుంది. క్లోరిన్ ఉంది గానీ స్టెబిలైజర్ దాన్ని పట్టుకుని కూర్చుంది. కొలనులు జాగ్రత్తగా చూసుకునేవాళ్లు వాడే లెక్క ఒకటుంది: ఫ్రీ క్లోరిన్ కనీసం స్టెబిలైజర్‌లో 7.5 శాతం ఉండాలి. స్టెబిలైజర్ 40 ఉంటే 3 చాలు. 100కి చేరితే 7.5 కావాలి. అంత క్లోరిన్ పెట్టి పిల్లల్ని దిగమనడానికి నాకు మనసొప్పదు. దీనికి మందు పొయ్యడం కంటే నీళ్లు మార్చడమే దారి. సగం తీసేసి కొత్తవి నింపితే అంకె సగమవుతుంది.

అందుకే బిళ్లల కంటే ముందు కొనాల్సింది మంచి టెస్ట్ కిట్. పసుపు రంగు చూపించే చవక కిట్ మొత్తం క్లోరిన్‌నే చెబుతుంది, అందులో పనికొచ్చేదెంతో చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ ఫ్రీ, టోటల్ రెండూ విడిగా చూపిస్తుంది. ఆ రెండింటి తేడా కంబైన్డ్ క్లోరిన్, అంటే చెమట, మూత్రం లాంటివాటితో కలిసిపోయినది. కళ్లు మండించేదీ, ముక్కుకి ఘాటుగా తగిలేదీ ప్రధానంగా అదే. వాసన రాగానే 'క్లోరిన్ ఎక్కువైంది' అని ఫ్లోటర్ తీసేసేవాళ్లని చూశాను. చాలాసార్లు అక్కడ కావలసింది ఇంకాస్త క్లోరిన్, దిగే ముందు అందరికీ ఒక స్నానం.

స్టెబిలైజర్ పరీక్ష కొంచెం సరదాగా ఉంటుంది. మందు కలిపిన నీళ్లు తెల్లగా మసకబారతాయి. గొట్టం అడుగున నల్లచుక్క కనబడకుండా పోయేదాకా పోసి అంకె చదవాలి. నెలకోసారి చాలు.

మరో సంగతి, ట్రైక్లోర్ బాగా ఆమ్లం. పీహెచ్‌నీ, ఆ పీహెచ్‌ని నిలకడగా ఉంచే ఆల్కలినిటీనీ మెల్లగా కిందికి లాగుతుంది. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉంచడానికి అప్పుడప్పుడు వంటసోడా వేస్తుంటాను. బిళ్లల్ని స్కిమ్మర్ బుట్టలో, అంటే పైన తేలే చెత్తని పట్టే బుట్టలో, మాత్రం పెట్టను. పంపు ఆగినప్పుడు అక్కడి నీళ్లు చిక్కటి ఆమ్లమై, మళ్లీ ఆన్ చేయగానే నేరుగా హీటర్ రాగి గొట్టాల్లోకి పోతాయి.

డబ్బా గాలి తగిలే చోట, మొహం పక్కకు పెట్టి తెరవండి. మూత తీయగానే వచ్చే ఘాటు మామూలుది కాదు. క్యాల్షియం హైపోక్లోరైట్ అనే మరో రకం క్లోరిన్ పొడి వాడిన చెంచాతో వీటిని ముట్టుకోకండి, రెండూ ఒకే ఫ్లోటర్‌లో అసలే వద్దు. ఆ రెండూ కలిస్తే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా.

ఇప్పుడు నా పద్ధతి ఇది: సీజన్ మొదట్లో స్టెబిలైజర్ 40 దాకా వచ్చేవరకు బిళ్లలు, తర్వాత రోజూ సాయంత్రం లిక్విడ్ క్లోరిన్, ఊరెళ్లినప్పుడు మళ్లీ బిళ్లలు. పెద్ద డబ్బా కొనడం మానేశాను, చిన్నది సీజనంతా వస్తోంది. ఐదుకి మూడున్నర ఇస్తాను. కప్పు కింద ఉండే కొలనుకైతే ఒకటి కూడా ఇవ్వను, ఎండే తగలని నీళ్లకి స్టెబిలైజర్ దండగ.