వానలో 650 సీసీ బండిపై అరకు, పాడేరు, లంబసింగి

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. చలికాలంలో వెళ్ళివచ్చినవారు ఈ దారి గురించి చెప్పవలసి వస్తే లోయలు, కాఫీ తోటలు, వలిసె పూలు అంటూ మొదలుపెడతారు. నైరుతి రుతుపవనాల కాలంలో, 200 కిలోలకు పైబడిన మోటారు సైకిలుపై వెళ్ళేవారికి మాత్రం రోడ్డు పైపొర ఎలా ఉంది, బండి నిలిపే చోట నేల గట్టిదేనా, తడిసిన బట్టలు ఆరేసుకోవడానికి చూరు ఉందా అన్నవే ముందుకు వస్తాయి. ఆగస్టులో చేసిన ఈ యాత్రలో ప్రదేశాలనూ బసలనూ నేను ఆ దృష్టితోనే తూచాను కనుక, అందాల వర్ణన ఆశించేవారికి ఇందులో కొంత నిరాశ తప్పదు.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. వెంట వచ్చిన మిత్రునిది కేటీఎం 390 అడ్వెంచర్. నా బండిది 648 సీసీ జంట సిలిండర్ల ఇంజిను, 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాన్ని తిప్పే బలం). ఆ టార్కులో అధిక భాగం తక్కువ వేగంలోనే అందుతుంది కాబట్టి పొడి రోడ్డుపై ఎక్కడానికి హాయిగా ఉండే ఈ ఇంజిను, తడి రోడ్డుపై రెండో గేరులో మణికట్టు కాస్త తొందరపడితే వెనుక చక్రాన్ని జారుస్తుంది. ఆ జారుడును ఆపే ట్రాక్షన్ కంట్రోలు నా బండికి లేదు, మిత్రుని బండికి ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి అయినందున అది రెండింటికీ ఉంది గాని, ఏబీఎస్ చేసేది బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూడటమే. లేని పట్టును రోడ్డుకు తెచ్చిపెట్టదు. పైగా నా బండిలోని ఏబీఎస్ బండి ఎంత వాలి ఉందో లెక్కలోకి తీసుకోదు. అందువల్ల బ్రేకు పని మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే ముగించాలి.

ఘాట్ రోడ్డంటే భయపడేవారు చాలామంది ఉంటారు గాని, వానలో పెందుర్తి, కొత్తవలస మీదుగా సాగే మైదానపు దారే నాకు ఎక్కువ ప్రమాదకరంగా తోచింది. చాలా గంటల ఎండ తరువాత చినుకు పడిన తొలి అరగంటలో, లారీలు కార్చిన నూనె, దుమ్ము కలిసి రోడ్డుపై జిగట పొరలా లేస్తాయి. వాన గట్టిగా కురిసి అదంతా కొట్టుకుపోయాక పట్టు మెరుగుపడుతుంది. స్పీడు బ్రేకర్లపై వేసిన తెల్లరంగు, రైలు పట్టాలు, మ్యాన్‌హోల్ మూతలు ఎంతసేపు వాన కురిసినా జారుడుగానే ఉంటాయి. తొలి చినుకు పడగానే మేము టిఫిన్ హోటలు ముందు ఆగి, ఇడ్లీలు తిని, వాన బలపడిన తరువాతే బయలుదేరాము. శృంగవరపుకోటలో పెట్రోలు నింపుకోవడం మంచిది. నా బండి ట్యాంకు 13.7 లీటర్లే, ఎక్కుడు దారిలో మైలేజీ కొంత తగ్గుతుంది.

టైడా, దముకు, అనంతగిరి మీదుగా సాగే ఎక్కుడులో తారు చాలాచోట్ల బాగుంది. చిక్కంతా మలుపుల లోపలి అంచుల్లో ఉంది. కొండ మీది నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి, కంకర అక్కడ చేరి ఉంటాయి. కాఫీ తోటలకు నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల ఆకులు రాలి తారుకు అంటుకున్న చోట్లు మరీ మోసకరం. ఆకు కింద నీళ్ళున్నాయో గుంట ఉందో పైకి తెలియదు. నేను ఎక్కువ భాగం మూడో గేరులో, గంటకు 30 కిలోమీటర్లు దాటకుండా నడిపాను. రెండో గేరు బలం ఎక్కువ కాబట్టి మలుపు దాటేటప్పుడు థ్రాటిల్ (యాక్సిలరేటర్) కుదుపు నేరుగా టైరుకు చేరుతుంది. మూడో గేరులో అదే కుదుపు మెత్తబడుతుంది. వంటనూనె గిన్నె వంచినట్టు థ్రాటిల్ తిప్పాలి తప్ప కుళాయి విప్పినట్టు కాదు. ట్రాక్షన్ కంట్రోలు ఉన్న మిత్రుడు నాకన్నా వేగంగా వెళ్ళాడని అనుకోకండి. గాలికొండ దగ్గర మబ్బు రోడ్డు మీదికి దిగిన తరువాత ఇద్దరమూ ఒకే నడకలో సాగాము. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగంతా తిరిగి మన కళ్ళలోకే వస్తుంది కాబట్టి లో బీమే మేలు. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టకుండా అడ్డుకునే పిన్‌లాక్ పొర నాకు రెయిన్‌కోటు కన్నా ఎక్కువగా ఉపయోగపడింది.

బొర్రా గుహల గురించి ఇక్కడ చెప్పగలిగింది తక్కువ. లోపలి మెట్లు తడిగా ఉండటం వల్ల మందపాటి రైడింగ్ బూట్లతో దిగడం శ్రమ. సామాను బండిపై వదిలి వెళ్ళాలా అన్న చింత వేరు. ఒక్కరు బండ్ల దగ్గర ఉంటే ఒక్కరు చూసి రావడం నయం. దారిలో రేకుల కప్పు కింద బొంగు చికెన్ కాలుస్తున్న చోట ఆగడం మాత్రం తప్పుకాదు. మాంసం కన్నా ఆ నిప్పు దగ్గర చేతి తొడుగులు ఆరబెట్టుకోనిచ్చిన వంటామె మర్యాదే నాకు గుర్తుండిపోయింది.

అరకులో రెండు బసలు చూశాము. మొదటిది బొమ్మల్లో అందంగా కనిపించే ప్రైవేటు రిసార్టు. అద్దాల కిటికీ, లోయ దృశ్యం అన్నీ ఉన్నాయి గాని, బండ్లు నిలిపే స్థలం వాలుగా ఉన్న పచ్చిమట్టి. ఇంటర్‌సెప్టర్ సైడ్ స్టాండ్ అందులో దిగిపోయి బండి ఒరగడం మొదలుపెట్టగానే మేము గది చూడకుండానే వెనుదిరిగాము. రెండోది ఊరి చివర ఒక కుటుంబం నడిపే హోమ్‌స్టే. గది సాదాసీదా, మంచం కాస్త గట్టి. అయితే ఇంటి పక్కన సిమెంటు నేల, రేకుల కప్పు ఉన్న షెడ్డు ఉంది, స్నానానికి కట్టెల పొయ్యి మీద కాచిన వేడినీళ్ళు దొరికాయి, వంటింటి వెనుక దండెం మీద జాకెట్లు ఆరేసుకోనిచ్చారు. ఆ ఊళ్ళో కరెంటు పోతే గీజరు పనిచేయదు, పొయ్యి పనిచేస్తుంది. పెద్దాయన తెల్లవారుజామున షెడ్డులోకి వచ్చి, "బాబూ, పక్కన స్టాండు కింద ఈ చెక్క పెట్టుకోండి" అంటూ ఇచ్చిన పలక తరువాతి ఊళ్ళలోనూ మా వెంటే వచ్చింది. గది బుక్ చేసుకునే ముందు ఫోనులో అడగవలసిన మొదటి ప్రశ్న బండికి కప్పు ఉందా, నేల చదునా అన్నదే.

డుంబ్రిగూడ, హుకుంపేట మీదుగా పాడేరుకు వెళ్ళే దారి వానాకాలంలో మరో పరీక్ష. 516-ఇ జాతీయ రహదారి విస్తరణ పనులు సాగుతున్న భాగాల్లో తారు తీసేసిన ముక్కలు ఎదురయ్యాయి. అక్కడ మట్టి, జల్లు కలిసి జావలా తయారై ఉంది. ఇలాంటి చోట ముందు బ్రేకును మరచిపోయి, ఒకే నిలకడైన వేగంతో, చూపు దూరంగా నిలిపి, బండి కాస్త అటూఇటూ ఊగినా దాని దారిన దాన్ని పోనివ్వాలి. బరువు తక్కువ, చక్రం పెద్దది కావడంతో మిత్రుని బండి ఇక్కడ స్పష్టంగా పైచేయి సాధించింది. ఆ జావలోనే అతని వెనుక టైరులో మేకు దిగింది గాని, ట్యూబ్‌లెస్ టైరు కనుక పంక్చరు పట్టీ గుచ్చి, చేతి పంపుతో గాలి కొట్టి, పది నిమిషాల్లో కదిలాము. అదే మేకు నా తీగ చక్రంలోని ట్యూబులో దిగి ఉంటే, వానలో వెనుక చక్రం విప్పవలసి వచ్చేది. ఈ దారిలో పంక్చరు షాపులు పెద్ద ఊళ్ళలోనే కనిపించాయి. సిగ్నల్ లేని చోట యూపీఐ సాగదు కాబట్టి చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవాలి.

పాడేరు 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. లాడ్జీలు, బంకులు, మెకానిక్కులు ఒకేచోట దొరికే ఊరు కావడం వల్ల తడిసిన ప్రయాణికునికి అరకు కన్నా ఇదే నమ్మదగిన మజిలీ. ఇక్కడి నుంచి చింతపల్లికి వెళ్ళే దారిలో వాహనాలు తక్కువ, పశువులు ఎక్కువ. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషను ఉన్న ఊరు చింతపల్లి. ఆ మన్యపు అడవిని అదే నెల వానలో చూస్తే, అక్కడి బాటలు తెలియని బలగాలకు ఆ దళాన్ని పట్టుకోవడం ఎందుకంత కష్టమైందో కొంత బోధపడుతుంది.

లంబసింగిలో రాత్రి ఉండాలని వానాకాలంలో ఎవరికీ చెప్పను. అక్కడికి జనం వచ్చేది డిసెంబరు, జనవరి చలి కోసం. గుడారాల బసలన్నీ ఆ కాలానికి తగినవే. మాకు చూపిన గుడారంలో నేల తడిగా ఉంది, అద్దె మాత్రం చలికాలపు ధరే అడిగారు. టీ తాగి నర్సీపట్నం వైపు దిగాము. దిగుడులో ఇంజిను బ్రేకింగే, అంటే తక్కువ గేరులో ఇంజిను చేతనే వేగం తగ్గించడమే ప్రధానం. తక్కువ గేరులోకి మారేటప్పుడు క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే వెనుక చక్రం క్షణంపాటు జారుతుంది కనుక, నెమ్మదిగా వదులుతూ, వెనుక బ్రేకును తేలికగా తాకుతూ దిగాలి.

నర్సీపట్నంలో బండి కడిగించేటప్పుడు నీళ్ళ తుపాకిని చక్రాల బేరింగుల మీదికి, స్టీరింగు మెడ మీదికి నేరుగా కొట్టవద్దని చెప్పి, పక్కనే నిలబడి చూడటం మంచిది. గొలుసును తుడిచి, ఆరనిచ్చి, లూబ్రికెంటు పట్టించాము. బ్రేకు ప్యాడ్లు విప్పి చూస్తే, ఇసుక కలిసిన నీళ్ళకు వెనుకవి ఊహించినదానికన్నా ఎక్కువగా అరిగాయి. అనకాపల్లి వైపు హైవే ఎక్కకముందే వాటిని అక్కడి మెకానిక్కు చేత మార్పించాము.