గోధుమ మానినవారికి పెసలా, మినుములా, కందిపప్పా, శనగపిండా: ఏది మేలు?

సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ అనే మాంసకృత్తి తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉందని తేలి, ఆ గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై ధాన్యాలు మూడింటినీ పూర్తిగా మానుకోవలసివచ్చిన కుటుంబాలవారు, అటు అమలాపురం నుంచి ఇటు భీమవరం దాకా, నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: పప్పులలో దేనిని నిశ్చింతగా తినవచ్చు? అపరాలలో వేటిలోనూ సహజంగా గ్లూటెన్ ఉండదన్న సంగతి అడిగేవారికి తెలిసినదే. మాంసకృత్తుల లెక్క చూసినా చెప్పుకోదగ్గ తేడా లేదు. కంది, పెసర, మినప, శనగ పప్పులన్నిటిలోనూ నూరు గ్రాములకు ఇంచుమించు 20 నుంచి 25 గ్రాముల మధ్యనే ఉంటాయి. పేగు దెబ్బతిన్నందువల్ల ఒంట్లో తగ్గిపోయిన ఇనుమును, ఫోలేట్ అనే విటమిన్‌ను తిరిగి అందించడానికి అన్నీ పనికివస్తాయి. అందువల్ల పోషకాల పట్టిక ముందు పెట్టుకుని ఎంచుకోవడం కన్నా, ఆ గింజ చేను నుంచి కంచం దాకా ఏ దారిన వచ్చింది, ఆ దారిలో గోధుమ కలిసే తావు ఎక్కడుంది అన్నది చూసి ఎంచుకోవడమే సరైనదని నా నమ్మకం.

గ్లూటెన్ లేని ఆహారమని ముద్ర వేసుకోవడానికి మన దేశంలో కిలోకు 20 మిల్లీగ్రాముల హద్దు ఉంది. ఒక గోధుమ గింజ సుమారు 40 మిల్లీగ్రాములు తూగుతుంది. అందులో దాదాపు పదో వంతు గ్లూటెన్ అనుకుంటే, గింజకు 4 మిల్లీగ్రాములు. అంటే కిలో పప్పులో ఐదు గోధుమ గింజలు కలిస్తే చాలు, హద్దును అందుకున్నట్లే. పైగా ఆ ఐదూ కిలో అంతటా సమంగా పరచుకుని ఉండవు. ఒక పూటకు తీసిన గుప్పెడు పప్పులోనే రెండు పడవచ్చు. చాటలో చెరిగితే పొట్టు, తాలు ఎగిరిపోతాయి గాని గోధుమ గింజ బరువుగా ఉండి పప్పుతోనే నిలిచిపోతుంది. గాలిస్తే పిండి దుమ్ము నీళ్లతో పోతుంది, రాళ్లు అడుగున మిగులుతాయి, గోధుమ గింజ మాత్రం పప్పుతో పాటే రెండో గిన్నెలోకి జారుతుంది. దానిని కంటితో చూసి చేత్తో ఏరవలసిందే. ఏరడానికి వీలిచ్చే రూపంలో దొరికే అపరాలకు, వీలివ్వని రూపంలో దొరికేవాటికి మధ్యనే అసలు తేడా ఉంది.

ఈ కొలతతో చూస్తే పెసలు అన్నిటికన్నా ముందు నిలుస్తాయి. మన డెల్టాలో గోధుమ పండదు. సార్వా, దాళ్వా అయిన తరువాత కొన్ని చోట్ల మూడో పంటగా పెసలో మినుములో వేస్తారు కనుక, ఊరి రైతు దగ్గర నేరుగా కొన్న పెసలకు పొలంలో గాని కళ్లంలో గాని గోధుమ తగిలే అవకాశం చాలా తక్కువ. కొట్టులో కొన్నవైనా సరే, ఒక స్టీలు పళ్లెంలో పలుచగా పరచి వెలుతురుకు పెట్టి చూస్తే, పచ్చని గుండ్రని గింజల నడుమ పొట్ట మీద నిలువు గీతతో, కోలగా, లేత గోధుమరంగులో ఉన్న పరాయి గింజ ఇట్టే తెలిసిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పెసరట్టుకు నానబోసిన పెసలు, అల్లం, పచ్చిమిరపకాయలు, ఉప్పు చాలు. కావాలనుకుంటే గుప్పెడు బియ్యం. పిండిమర గడప తొక్కకుండా, మన ఇంటి గ్రైండరులోనే రుబ్బుకుని పెనం మీద వేసుకుంటాము. రాత్రిపూట చపాతీ అలవాటైన ఇళ్లలో గోధుమ మానగానే ఏర్పడే వెలితిని కూర, పచ్చడి నంజుకుని తినడానికి వీలైన పెసరట్టు పూడ్చినంత చక్కగా మరేదీ పూడ్చలేదు. పేగు ఇంకా కోలుకోని తొలి వారాలలో పొట్టు పెసలు బరువు చేయవచ్చు. అప్పుడు పొట్టు తీసిన పెసరపప్పుతో కట్టు కాచి అన్నంలో పోసుకోవడం మన పెద్దలు పథ్యానికి వాడిన పద్ధతే, వైద్యుల సలహాతో అదే మొదలుపెట్టవచ్చు.

మినుములు దాదాపు సాటివస్తాయి. నల్లని మినుములలో గోధుమ గింజ ఇంకా తేలికగా కనబడుతుంది. నానబెట్టి పొట్టు కడిగేటప్పుడు మరోసారి చూసుకునే వీలూ దొరుకుతుంది. సున్నుండలకు కూడా మినుములను ఇంట్లోనే వేయించి మిక్సీలో పట్టుకుంటే చింత లేదు. కాకపోతే మినప్పిండి ఒంటరిగా ఉండదు. ఇడ్లీకి, దిబ్బరొట్టెకు దానితో పాటు బియ్యపు రవ్వ కావాలి. ఆ రవ్వ బస్తా చాలా కొట్లలో, గోధుమతో చేసే బొంబాయి రవ్వ బస్తా పక్కనే ఉంటుంది, రెండింటిలోనూ ఒకే గరిటె తిరుగుతుంది. మినుములు ఎంత శుభ్రంగా ఉన్నా రవ్వ దగ్గర తప్పు జరగవచ్చు. బియ్యం కడిగి ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో రవ్వ పట్టుకునే ఓపిక ఉన్నవారికి మినుములు, పెసలు సమానమే. ఆ ఓపిక రోజూ ఉండదు గనుకనే నేను పెసలకు ఒక మెట్టు ఎక్కువ ఇస్తాను.

కందిపప్పు మన భోజనంలో నిత్యం ఉండేదే, దానిని మానవలసిన పని లేదు. బద్దలో కూడా గోధుమ గింజ రూపం వేరుగానే కనిపిస్తుంది కాబట్టి ఏరి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగితే చాలును. దానితో వచ్చే ప్రమాదం పోపులో ఉంది. బజారులో దొరికే ఇంగువ చాలావరకు శుద్ధమైన ఇంగువ కాదు; బంకతోను, పిండితోను కలిపి తయారుచేసినది. ఆ పిండి చాలా రకాలలో గోధుమపిండి లేదా మైదా. పప్పు, సాంబారు, పులిహోర అన్నిటిలోనూ చిటికెడు చొప్పున పడే ఈ ఒక్క దినుసు, ఎంతో జాగ్రత్తగా వండిన భోజనాన్ని చెడగొడుతుంది. డబ్బా మీది దినుసుల జాబితా చదివి, బియ్యప్పిండి గాని బంక గాని మాత్రమే కలిపినది తెచ్చుకోవాలి. అది దొరకనప్పుడు వెల్లుల్లి, జీలకర్ర పోపు చాలు.

శనగల విషయంలో గింజకు, పిండికి భేదం పాటించాలి. పూర్ణం బూరెలకు ఉడికించే పచ్చిశనగపప్పు, గుగ్గిళ్లకు వాడే శనగలు ఏరి కడుక్కోదగినవే. శనగపిండి అలా కాదు. ముందు వచ్చినవారి గోధుమలు పట్టిన మరలోనే మన శనగపప్పు పోస్తే, రాళ్ల మధ్య మిగిలిన గోధుమపిండి మొదటి దఫాలో మన డబ్బాలోకే దిగుతుంది. మరవాడు మంచివాడైనా, తెలిసినవాడైనా ఇందులో చేయగలిగింది తక్కువ. పాకెట్ పిండిలో చవక పిండి కలిపే కల్తీ భయం ఉండనే ఉంది. కంటితో చూడడానికి, నీటితో కడగడానికి ఏ మాత్రం వీలులేని పదార్థం ఇది. అందుచేత గ్లూటెన్ లేదని పరీక్షించి ముద్ర వేసినది దొరికితే తప్ప బయటి శనగపిండిని వాడవద్దని గట్టిగా చెబుతాను. బజ్జీలు తినాలనిపిస్తే శనగపప్పు నానబెట్టి రుబ్బి వడలు వేసుకోవచ్చు.

మసూర్ పప్పు ఇక్కడ పండేది కాదు. ఉత్తరాదిన అది గోధుమతో పాటు రబీలో పండుతుంది. కెనడా నుంచి దిగుమతి అయ్యేదీ గోధుమ, బార్లీలతో మార్చి మార్చి వేసే పొలాలలోనిదే. కావాలంటే బాగా ఏరి తినవచ్చు, మనకు అంత అవసరం కనిపించదు. ఉలవలు, బొబ్బర్లు ఏరుకుని తింటే మంచివే.

ఇంటి బయట ఈ వరుస అంతా మారిపోతుంది. హోటలులో పెసరట్టు ఉప్మా అడిగితే అందులోని ఉప్మా బొంబాయి రవ్వతో చేసినది. ఉత్త పెసరట్టు అడిగినా, మైదా, బొంబాయి రవ్వ కలిపిన రవ్వట్టు వేసిన పెనం మీదే దానినీ వేస్తారు. మైదాతో చేసే మైసూరు బజ్జీలు వేయించిన నూనెలోనే గారెలూ వేగుతాయి. పెళ్లిళ్లలో బూరెల పైపూత మినప్పప్పు, బియ్యంతో రుబ్బినదే అయినా, అదే మూకుడులో అంతకు ముందు పూరీలు వేసి ఉండవచ్చు. కాబట్టి బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లేటప్పుడు, ముందు రోజే ఫోను చేసి, కొత్త నూనె పోసిన మూకుడులో మొదటి వాయి గోధుమ మానిన మనవారికి తీసి పక్కన పెట్టమనడం, పప్పులో ఇంగువ వేయకముందే ఒక గిన్నెడు తీసి ఉంచమనడం మొహమాటపడవలసిన విషయం కాదు. కారణం వివరంగా చెబితే పిన్నిగారైనా అత్తయ్యగారైనా ఆ రెండు పనులూ సంతోషంగానే చేసిపెడతారు.